విత్తులు నలిపిన పొట్టేలు

ఊళ్లోని పొట్టేళ్లన్నింటికీ సొంత విత్తనం చంపేసి, ప్రయోగశాల వాళ్లు తాము తయారుచేసిన విత్తన మూలకణాలు ఎక్కించి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి వాటికి పుట్టే పిల్లలన్నీ వణుకు జబ్బుతోనే పుడుతున్నాయి. మనుషుల వణుకుకు మందు కనిపెట్టాలంటే అలాంటి గొర్రెపిల్లలే కావాలట.

సుంకులమ్మ దొడ్లో ఆ పొద్దున మూడు పిల్లలు పుట్టాయి. రెండు ఎలాగో లేచి నిలబడ్డాయి. మూడోది తల నిలపలేక తల్లి పొదుగు కిందే కూలబడింది. సుంకులమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని పాలు పట్టబోతే, ప్రయోగశాల నుంచి వచ్చిన దివాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. తనంతట తను ఎంతసేపు బతుకుతుందో చూడాలి."

"ఆకలితో సచ్చేదాన్ని సూస్తా కూసోమంటారా సార్?"

"ఒప్పుకునే కదా మా కాగితాల మీద సంతకం పెట్టారు."

సాయంత్రానికి పిల్ల చచ్చిపోయింది. దివాకర్ టైము రాసుకుని, కళేబరాన్ని ఐసు పెట్టెలో వేసుకుని వెళ్లిపోయాడు. తల్లి గొర్రె అరుచుకుంటూ బండి వెనకాలే రోడ్డు దాకా పోయింది.

మరునాడు తెల్లారగానే సుంకులమ్మ తన భర్త ఓబులేసు చేత తమ పొట్టేలును పట్టించి, తన చేత్తోనే దాని విత్తులు నలిపేసింది. ఇక దానికి పిల్లలు పుట్టవు.

వారం తర్వాత దివాకర్ వచ్చి చూసి మండిపడ్డాడు. "మా ల్యాబ్ ఆస్తిని పాడుచేశారు. మావాళ్లు కేసు పెడతారు, తెలుసా?"

"పెట్టుకోండి సార్. పొట్టేలు మాది, దాన్లో విత్తనం మీదంటిరి గదా. మీదాన్నే నలిపినా."

మిగిలిన రెండు పిల్లల్నీ ఇంట్లోకి తోలి, ఆమె అతని ముఖం మీదే తలుపు వేసింది.