మూడో సీసా

"నీ సాకే మీద మన ఇంటిపేరు వెయ్యాలో వద్దో నన్నడక్కు అమ్మాయ్. నా నాలుకనడుగు," అన్నాడు తొకుజిరో, చాప మీద బాసింపట్టు వేసుకుంటూ.

ఎదురుగా అయిదు బియ్యపు మద్యం సీసాలు ఒంటినిండా పాత పేపర్లు చుట్టుకుని నిలబడి ఉన్నాయి. నాలుగు ఆ చుట్టుపక్కల పేరున్న సాకే బట్టీలవి. ఒకటి ఈ చలికాలం కూతురు మిజుయే మొట్టమొదటిసారి సొంతంగా చేసింది. ఏది ఏదో ఆమెకొక్కదానికే తెలుసు. తండ్రి సరేనంటే ఆ సాకే మీద మూడు తరాల పేరు పడుతుంది. కాదంటే పేరూ ఊరూ లేకుండా పీపాల్లో పొరుగు బట్టీకి పోయి వాళ్ళ సరుకులో కలిసిపోతుంది.

వంటింట్లో ముల్లంగి తరుగుతున్న తల్లి ఫుసా కేకేసింది.

"ఏమండీ, చెంబు దగ్గరుందా?"

"ఉంది మహాతల్లీ, ఒళ్ళోనే ఉంది."

కాలేయం చెడి డాక్టరు కట్టడి చేసిన ఆరేళ్ళ నుంచీ ఆయన గొంతులోకి చుక్క దిగలేదు. రుచి చూడటం, రాగి చెంబులో ఉమ్మెయ్యడం, అంతే. ఆ మాటకొస్తే ఈ వృత్తిలో రుచి చెప్పేవాళ్ళెవరూ మింగరు. అయినా ఫుసాకి మొగుడి మీద నమ్మకం తక్కువ. చేతులు ముల్లంగి మీదున్నా చెవి ఇటే పడేసి ఉంచింది.

మిజుయే ఒకటో సీసా వంచి, అడుగున నీలం చుట్లున్న తెల్ల గిన్నెలో పోసింది. ఆయన వాసన చూసి, పుక్కిట పట్టి, చెంబులో ఉమ్మాడు.

"బియ్యాన్ని మరీ అరగదీశాడు. మెరుపు మిగిలింది, రుచి పోయింది."

రెండోది ఉమ్మి పెదవి విరిచాడు.

"తొందర మనిషి. ఇంకో నాలుగు రోజులు పులియనివ్వాల్సింది."

మూడోది తనదే. మిజుయే చుక్క ఒలక్కుండా పోసింది. గిన్నె ఆయన ముందు పెట్టి తల దించుకుంది. మూడు నెలలపాటు చేతులు పగిలేలా చన్నీళ్ళలో బియ్యం కడిగింది. "ఆడపిల్ల చేసింది ఎవరు తాగుతారులే" అన్న పనివాళ్ళ మాటలు విననట్టే ఊరుకుంది. ఇప్పుడు చాప పోగులు చూస్తూ కూర్చుంది. తలెత్తేసరికి గిన్నె కింద ఉంది, ఆయన మొహం కిటికీ అవతల కరుగుతున్న మంచు వైపు ఉంది.

"మూడోదెలా ఉంది నాన్నా?"

"చెప్పడానికేం లేదు. తర్వాతది పొయ్యి."

నాలుగు తిట్టినా బాగుండేదనుకుంది. తర్వాతది ఆయనకి మరీ చేదైంది, అయిదోది మరీ తీపైంది. రెండూ ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. పొరుగు బట్టీవాళ్ళ బండిని ఎప్పుడు రమ్మనాలా అని ఆలోచిస్తూ మిజుయే సీసాలు సర్దసాగింది. కళ్ళు మండుతున్నాయి గానీ తండ్రి ముందు ఏడవదలుచుకోలేదు.

ఫుసా ముల్లంగి పళ్ళెంతో వచ్చింది. పళ్ళెం కింద పెట్టకుండా మొగుడి వంకే చూస్తూ నిలబడింది.

"అయిదు సార్లు పోసిన చప్పుడు విన్నాను. ఉమ్మిన చప్పుడు నాలుగు సార్లే. ఆ మూడోదేం చేశారండీ?"