కళ్ళజోడు తాత ఫోను

మధ్యాహ్నం ఒంటిగంటయింది. నీళ్ళ ఆఫీసులో మళ్ళీ అదే ఫోను.

"బాబూ, ఫిర్యాదు రాసుకో. ఉండుండు, కళ్ళజోడు ఎక్కడో పెట్టాను..."

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు.

పెద్ద పైపు పగిలి మూడు రోజులైంది. అతుకు వేసిన చోటే మళ్ళీ పగులుతోంది. ఊరంతా నీళ్ళకి కటకట. పైవాళ్ళు గంటకోసారి "ఇంకెప్పుడయ్యా?" అంటున్నారు. ఉన్నది ఒక్కటే ఫిర్యాదుల ఫోను. గుమస్తా ఎత్తితే "మేనేజర్ని పిలు" అని అరుస్తున్నారు. పొద్దుటినుంచీ రిసీవరు మేనేజరు చెవికే అతుక్కుని ఉంటోంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ ముసలాయనొకడు! ఫిర్యాదు చేసినవాళ్ళు పెట్టేసేదాకా ఆఫీసువాళ్ళు ఫోను పెట్టకూడదని గోడ మీద రూలు రాసుంది మరి.

"దొరికిందా తాతా?"

"కళ్ళజోడు దొరికింది. కాయితమే కనపడ్డం లేదు. నీకేం తొందర, నీ పని చూసుకో."

"నాకు తొందర కాకపోతే ఇంకెవరికి?"

రిసీవరు బల్ల మీద పడేశాడు. చేసేదేం లేక అన్నం డబ్బా మూత తీశాడు.

పావుగంటకి రిసీవరు లోపలినుంచి గొంతు వినిపించింది. "రేపు వెతుకుతాలే బాబూ."

గుమస్తా నవ్వింది. "మూడ్రోజుల నుంచీ ఇదే వరస సార్. ఫిర్యాదేంటో ఇంతవరకు చెప్పలేదు."

"పనీపాటా లేని మనిషి!"

నాలుగో రోజు ఒంటిగంటకి అతుకు మళ్ళీ ఊడిందని కబురు. అప్పుడే ఫోను మోగింది.

"బాబూ, కళ్ళజోడు..."

"ఊరు ఎండిపోతుంటే నీ కళ్ళజోడు గోలేంటయ్యా! ఇంకోసారి చేశావంటే మర్యాదగా ఉండదు!"

ఠపీమని పెట్టేశాడు. "ఆ నంబరు బ్లాక్ చేసెయ్యమ్మా."

"రూలు సార్..."

"రూలూ లేదు, గీలూ లేదు!"

ఆ తర్వాత ఫోను అతన్ని ఊపిరి తిప్పుకోనివ్వలేదు.

"ఇవాళ డబ్బా మూత కూడా తీయలేదేంటండీ?" అంది రాత్రి ఇంట్లో భార్య. మర్నాడూ అదే మాట అంది.

ఆరో రోజు అతుకు నిలిచింది. నీళ్ళు వదిలే వేళకి వాల్వు దగ్గరే అతను కళ్ళు తిరిగి పడిపోయాడు.

"కడుపు మాడ్చుకుంటే ఎవరైనా ఇంతే" అన్నాడు డాక్టరు.

వారానికి కాస్త కోలుకున్నాక ముసలాయన గుర్తొచ్చాడు. పాపం, ఏం ఫిర్యాదో ఏమో. అరిచినందుకు సిగ్గేసింది. నంబరు పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

తలుపు కూతురు తీసింది.

"నాన్నగారు మొన్న పోయారండీ."

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపల ఖాళీ కుర్చీ, పక్కన ఫోను. కుర్చీ చేతికి తాడు కట్టిన కళ్ళజోడు వేలాడుతోంది.

"అది ఆయన మెళ్ళోనే ఉండేదండీ, ఒక్కరోజు పోగొట్టుకోలేదు" అందామె.

"మీ నీళ్ళ ఫిర్యాదు..."

"మాకేం ఫిర్యాదండీ? పెరట్లో బోరుంది."

"మరి రోజూ ఫోను చేసేవారే?"

అతనెవరో ఆమెకి అర్థమైంది. "మీరేనా ఆ మేనేజరుగారు? లైను కలవడం లేదే అని చివరి రోజుదాకా నొక్కుతూనే ఉన్నారు."

"ఫిర్యాదే లేనప్పుడు ఎందుకమ్మా?" అన్నాడతను.

"ముప్పై ఏళ్ళ కిందట పైపు పగిలినప్పుడు ఆఫీసులో మీ కుర్చీలో కూర్చుని, తిండి లేక పడిపోయింది మా నాన్నగారేనండీ. 'ఓ పావుగంట లైను నేను పట్టుకుంటే, ఆ అబ్బాయి నాలుగు ముద్దలు తింటాడే' అనేవారు."