ఎవరిదీ కాని కుక్క

"ఏమప్పా హనుమంతప్పా, నీ కుక్క నన్ను కరిసింది. దానికి సూది ఏయించినావా లేదా?"

పిక్కకు కట్టుతో, బెళుగుప్ప ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చాడు సుంకప్ప.

వేరుశనక్కాయలు ఒలుస్తున్న హనుమంతప్ప తల ఎత్తలేదు. "నాకు కుక్క యాడుండాది?"

"మరి నీ అరుగు కింద కట్టేసిందేంది?"

"అదే వచ్చి ఉండాది."

"గొలుసు?"

"దాంతోనే వచ్చింది."

"గిన్నె మీద నీ పేరు చెక్కినారు కదప్పా!"

"ఆ పేరుతో ఊర్లో నలుగురుండారు."

సుంకప్పకు ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాడు? అతని ప్రాణం ఇప్పుడు ఆ కుక్క చేతిలో ఉంది. "సూదులు నేను వేస్తాను. కుక్కను మాత్రం పది రోజులు కనిపెట్టి చూడు. అది చచ్చిందంటే వెంటనే పరిగెత్తుకొని రా" అని చెప్పింది డాక్టరమ్మ.

"ఎవరిదీ కాకుంటే నేను తోలుకపోతా" అని గొలుసు విప్పాడు సుంకప్ప. పీడ విరగడైందనుకుని హనుమంతప్ప మళ్లీ కాయల మీద పడ్డాడు.

ఆ పది రోజులూ కుక్కకు కొత్తల్లుడి మర్యాదలే. పొద్దున రాగి సంగటి, సాయంత్రం మజ్జిగన్నం. ట్యాంకరు వస్తే మొదటి బిందె దానికే. అది తుమ్మితే సుంకప్పకు చెమటలు పట్టేవి. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు.

"నాకు జరమొచ్చినప్పుడు ఒక్కసారన్నా ఇట్ల చూసినావా?" అంది భార్య నల్లమ్మ.

"నువ్వు నన్ను కరవలేదు కదే!"

పది రోజులూ గడిచాయి. కుక్క నిక్షేపంగా ఉంది. సుంకప్ప గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున్నే హనుమంతప్ప ఊడిపడ్డాడు. రాత్రుళ్లు కుక్క కాపలా లేక అడవి పందులు అతని చేను సగం తవ్విపోయాయి.

"నా కుక్కను నాకియ్యప్పా!"

"నీకు కుక్కే లేదంటివే?"

"కరియ నాదే! పిల్లప్పటి నుంచి సాకినా. ఊరందరినీ అడుగు. గిన్నె మీద పేరు గూడా నాదే!"

సుంకప్ప పక్కకు తప్పుకున్నాడు. హనుమంతప్ప వెళ్లి గొలుసు పట్టి గుంజాడు. కరియ అప్పుడు సంగటి తింటోంది. తినేటప్పుడు కుక్క జోలికి పోకూడదని కుక్క లేనివాడికి ఎలా తెలుస్తుంది? అది తల తిప్పి అతని పిక్క పట్టుకుంది.

ఆ కేకకు వీధంతా వచ్చింది. హనుమంతప్ప నేల మీద కూలబడి, కాలు రెండు చేతులా పట్టుకుని అరిచాడు.

"ఏమప్పా సుంకప్పా, నీ కుక్కకు సూది ఏయించినావా లేదా?"