గళ్ళచీర ముందు ఆగిన కారు

"మీ చీర మా కారు కళ్ళకి గంతలు కడుతోందండి," అంది సుష్మ.

పూర్తయిన ఆకుపచ్చ గళ్ళచీరను మగ్గం మీంచి కోస్తూనే నవ్వాడు మార్కండేయ. "నా చీర చూసి కళ్ళు తిప్పుకోలేనివాళ్ళున్నారు గానీ, గంతలు కట్టించుకున్నవాళ్ళు లేరమ్మా."

కోసిన చీరను మడతపెట్టే ముందు రోడ్డు వైపు దండెం మీద వేయడం ఈపురుపాలెంలో ఆ ఇంటి ఆనవాయితీ. షాపులవాళ్ళు చూసేది అక్కడే, బేరం కుదిరేది అక్కడే. ఇప్పుడా దండెం, బాపట్ల నుంచి డ్రైవరు లేని కారును తిప్పి చూస్తున్న కంపెనీకి కంట్లో నలుసైంది. కారు రోజూ సరిగ్గా అక్కడే ఆగుతోంది. కోట్లు పోసిన కారు కదలాలంటే మగ్గంవాడు తాడు విప్పుకోవాలట. ఇదీ న్యాయం!

"ఆగమనే బోర్డు మీద చిన్న స్టిక్కరు అంటిస్తే చాలండి, కారు దాన్ని ఇంకేదో అనుకుంటుంది," వివరించింది సుష్మ. " మీ గళ్ళు చూసి గేటు అనుకుంటోంది. అలా మోసపోకుండా చూడటమే నా ఉద్యోగం. రేపు డబ్బు పెట్టేవాళ్ళు ఎక్కుతారు. దండెం తీయకపోతే కేసు పెడతారు."

"చీరకీ గేటుకీ తేడా తెలీదా దానికి?" మార్కండేయ భార్య నాగరత్నం అందుకుంది. "మా ఆయన కళ్ళజోడు తగిలించండి!"

సుష్మకు రోషం వచ్చింది. "మూడొందల చీరల ఫొటోలు చూపించి నేర్పానండి. ఇవాళ ఆగకపోతే దండెం ఉంచుకోండి."

దండెం మీద నిన్నటి ఎర్రగళ్ళ చీర ఉంది. కారు వచ్చింది. ఆగలేదు. సుష్మ చప్పట్లు కొట్టింది. మార్కండేయ ఊపిరి పీల్చుకున్నాడు.

ఈలోగా నాగరత్నం అలవాటుకొద్దీ ఆకుపచ్చ చీర తెచ్చి దండెం మీద వేసింది. తిరుగుదారిలో కారు టక్కున ఆగింది. పైగా కాస్త వెనక్కి జరిగి, మళ్ళీ ఆగింది.

"సాయంత్రంలోగా తీసేయండి." కంపెనీ నోటీసు మార్కండేయ చేతిలో పెట్టి, ఏడుపు మొహంతో వెళ్ళిపోయింది సుష్మ.

మార్కండేయ దండెం ముడి విప్పబోతుంటే ఫోన్ మోగింది.

"బాబాయ్ గారూ, గోడ మీద నెంబరు చూసి చేస్తున్నా. బిందుమాధవిని. ఆ ఆకుపచ్చది ఎవరికీ ఇవ్వకండి, నాకు కావాలి. దండెం విప్పకండి. రేపు కారు ఆగదు."

"అంత గట్టిగా చెబుతున్నావు, నీకెలా తెలుసమ్మా?"

"సుష్మగారికి మాత్రం చెప్పకండి, పాపం ఏడుస్తుంది. తెనాలి ఆఫీసులో కూర్చుని, కెమెరాలో చూస్తూ ఆ కారు తోలేది నేనేనండి."