కుడి నుంచి రెండోది

"అన్నా, నువ్వు కాకపోతే ఇంకెవరు?"

పాల్వంచ శివారులోని ఆ ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో, హెప్సిబా ఒక కాగితం తెచ్చి ఆంథోని ముందట పెట్టింది.

మొన్న బొగ్గు మోసే బెల్టు ఆపి కింద ఊడుస్తుంటే అది ఉన్నట్టుండి నడిచి ముసలి కూలీ చెంచురామయ్య కాలు నుజ్జయింది. ఆ గదిలోని ఎనిమిది సీట్లలో ఏదో ఒకదాని నుంచే బెల్టు నడవమని ఆర్డర్ పోయింది. అడిగితే అందరూ "నేను నొక్కలే" అనేటోళ్లే. కంప్యూటర్లు చదివింది కాబట్టి, కొత్తదైనా, స్క్రీన్ల మీద ఇంకా చెయ్యి తిరగకపోయినా, నెట్‌వర్క్ రికార్డు తీసే పని హెప్సిబాకే పడ్డది.

రికార్డులో సీటుకొక గడి. ఆర్డర్ ఇచ్చిన సీటు గడిలో ఒకటి, మిగతావన్నీ సున్నాలు. హెప్సిబా కంప్యూటర్ లెక్కన ఆ ఒకటి కుడి నుంచి రెండో గడిలో ఉంది. రెండో సీటు ఆంథోనిది.

భర్త పోయి దిక్కుతోచకున్నప్పుడు, మేనేజర్‌ను బతిమాలి ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆంథోనే. నిన్నటిదాకా ఏసయ్య మీద ఒట్టేసి నేను కాదన్నడు. నమ్మింది పిచ్చిది.

ఆంథోని కాగితం మీద వేలు జరుపుకుంట చానాసేపు చూసిండు.

"పాప బడికి పోతుందా చెల్లె?"

"మాట మార్చకు అన్నా. ఆ ముసలాయన ఎట్ల బతుకుతడో చెప్పు."

ఆయన కాగితం మడిచి ఇచ్చేసిండు. "అవ్. నేనే నొక్కిన. సార్‌కు చెప్పు."

ఒట్టేసి మరీ మోసం చేసిండు, సొంత అన్న లెక్క ఉండి. హెప్సిబా ఏడ్చుకుంటనే రిపోర్టు రాసిచ్చింది. సాయంత్రానికి ఆంథోని ఉద్యోగం ఊడింది. గేటు కాడ ఆయన పలకరించబోతే మొఖం తిప్పుకుంది.

వారం తిరక్కముందే, ఆ కంట్రోల్ మెషీన్ పెట్టిన కంపెనీ నుంచి శ్రావణి అనే ఇంజనీరు ఫోన్ చేసింది.

"మీ రిపోర్టు చూసినం మేడం. గళ్లు కుడి నుంచి లెక్కపెట్టిన్రు."

"మా కంప్యూటర్ గట్లనే చూపిస్తది కదా."

"మీ కంప్యూటర్ పద్ధతి అది. మా మెషీన్ ఎడమ నుంచి లెక్కపెడ్తది. ఆంథోని గారికి తెలుసే, బిగించేటప్పుడు మాతోనే ఉన్నడు."

హెప్సిబా కాగితం తీసి, ఎడమ నుంచి వేలు పెట్టి లెక్కపెట్టింది. ఏడోది.

ఏడో సీటు ఆమెదే.