కుంకుమ కడిగిన వాన

అన్యాయం జరిగింది ఎవరికి? బండ్లకు తాళాలు బిగించే మస్తాన్‌వలికి. ఎలా? మనిషిని చూసి గుర్తుపట్టే కంటితాళాన్ని విమలమ్మ తన బండికి అతని సలహామీదే ఎంచుకుంది. ఆయుధపూజ మరునాడే బండి పోయింది. తాళం గుట్టు అమ్ముకున్నాడంటూ ఆమె గడియారం సెంటరులో నలుగురి ముందూ అతణ్ణి దొంగ అంది. ఆనాటి నుంచి అతని కొట్టు మెట్లు ఎవరూ ఎక్కలేదు.

ఏడాది తిరిగాక ఒక వానపొద్దున, విమలమ్మ చేతిలోని చీపురు జారిపోయింది. పోయిన బండి, నడిపేవాడు లేకుండానే వీధి మలుపు తిరిగి, మేతకెళ్ళిన ఆవులా వచ్చి గుమ్మం ముందు ఆగింది. తాళం కంటినుంచి కుంకుమ చారలు కారుతున్నాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే తల్లీ?" అంది ఆమె, తెలియకుండానే చేతులు జోడించి.

"చీకట్లో ఉన్నానమ్మా. పూజనాడు మీరు నా కంటిమీదే బొట్టు పెట్టారు. దొంగ ముఖం కనబడలేదు, మీరే అనుకుని తెరుచుకున్నాను. నన్ను దాచిన షెడ్డు రేకు గాలికి లేచింది, వాన కన్ను కడిగింది, ఇంటిదారి కనబడింది," అంది తాళం.

విమలమ్మ తడిబట్టలతోనే మస్తాన్‌వలిని గడియారం సెంటరుకు తీసుకువెళ్ళింది.

"ఇప్పుడెందుకు లెండమ్మా, ఈ వానలో," అన్నాడతను.

"నువ్వు మాట్లాడకుండా నిలబడవయ్యా. తిట్టింది ఇక్కడే గదా!"

ఆనాడు దొంగ అన్నంత గట్టిగానే, "తప్పు నాది, ఈయన నిర్దోషి!" అని ఆమె ఎలుగెత్తింది. ఆనాటి నలుగురిలో నాలుగోవాడు గొడుగు దించి చెవి ఒగ్గేదాకా ఆపలేదు.