రాజుగారి సలహాదారులు

"చోవా చూ కాంగ్‌లో ఫ్లాట్ చూశాం నాన్నా. ఇప్పుడుంటున్న ఈ టోవా పాయో వదిలేద్దామా? మీరే చెప్పండి," అన్నాడు మా అబ్బాయి యాకూబ్.

నేను చదువుకున్నవాణ్ణి కాను. అయితేనేం, ఈ సింగపూర్ రాకముందు ఊళ్లో పదిమంది తగువులు తీర్చినవాణ్ణి. గొంతు సవరించుకుని చెప్పాను.

"వద్దురా. ఇక్కడ కింద కాఫీ కొట్టు దగ్గర నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడున్నాడు. అక్కడ ఎవడున్నాడు?"

వాడు శ్రద్ధగా తలూపి, "ఆలోచిద్దాం నాన్నా," అని గదిలోకి వెళ్లిపోయాడు.

పక్కనే మనవరాలు హిస్టరీ పరీక్షకు చదువుకుంటోంది. ఏం పాఠమే అంటే, మూడొందల ఏళ్ల పైనాటి ఇంగ్లండు రాజు సంగతి చెప్పింది.

"ముప్పైమంది పెద్దల్ని సలహాదారులుగా పెట్టుకున్నాడు తాతా. మీ మాట వినే ఏదైనా చేస్తానన్నాడు. కానీ లోపల ముందే డిసైడ్ చేసేసి, తర్వాత వాళ్లని పిలిచేవాడు."

"మరి వాళ్లెందుకు పోయేవాళ్లు?"

"ముందే డిసైడ్ అయిపోయిందని తెలీదేమో, పాపం."

"తెలీకేం? సామాన్లు సర్దడానికి మీ నాన్న మొన్నే అట్టపెట్టెలు తెచ్చి మంచం కింద దాచాడు, నేను చూళ్లేదా! అయినా ఆ ఒక్క మాట అడిగించుకోవడానికే పోయేవాళ్లు తల్లీ."